సైట్ తెరిస్తే 502, 504 ఎర్రర్లా? సర్వర్ లాగ్‌లో 111, 110, 104 నంబర్లు చెప్పేది ఇదీ..

పరీక్ష ఫలితాలు వచ్చే రోజు. లేదంటే అప్లికేషన్ ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. ఫోన్‌లో సైట్ తెరిస్తే తెల్లటి పేజీ మీద '502 బ్యాడ్ గేట్‌వే' అని వస్తుంది. ఇంకోసారి రిఫ్రెష్ చేస్తే '504 గేట్‌వే టైమ్ అవుట్'. అందరూ అనేది ఒకటే మాట.. 'సర్వర్ డౌన్'.

కానీ సర్వర్ లోపల జరిగేది ప్రతిసారీ ఒకటి కాదు. కొన్నిసార్లు మీ అభ్యర్థన అసలు లోపలికే వెళ్లదు. కొన్నిసార్లు లోపలికి వెళ్లి, పని కూడా పూర్తయిపోయి, జవాబు మాత్రం మీ ఫోన్‌కు చేరదు. ఫీజు కట్టేవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం. మొదటి సందర్భంలో మళ్లీ ప్రయత్నించినా నష్టం లేదు. రెండో సందర్భంలో మళ్లీ నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ కావచ్చు. ఏది జరిగిందో చెప్పే ఆధారం స్క్రీన్ మీద కనిపించదు. అది సర్వర్ రాసుకునే ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది.

ముందు ఒకరు.. వెనక ఇంకొకరు

చాలా సైట్లలో మీ ఫోన్‌తో మాట్లాడే సర్వర్ ఒకటి, అసలు పని చేసే ప్రోగ్రామ్ ఇంకొకటి. టిఫిన్ హోటల్‌లాగా అనుకోండి. టేబుల్ దగ్గరికి వచ్చే వెయిటర్ వేరు, వంటింట్లో దోశ వేసే మాస్టర్ వేరు. సరుకులుండే స్టోర్ రూమ్ ఇంకా వెనక ఉంటుంది.

వెబ్ ప్రపంచంలో వెయిటర్ పని చేసే సాఫ్ట్‌వేర్‌లలో బాగా పేరున్నది 'ఎంజిన్‌ఎక్స్'. రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ దీన్ని 2004లో విడుదల చేశారు. దాని వెనక పీహెచ్‌పీ, జావా, పైథాన్, నోడ్ లాంటి వాటితో రాసిన అప్లికేషన్ ఉంటుంది. ఎంజిన్‌ఎక్స్ భాషలో ఈ వెనక ఉన్నదాన్ని 'అప్‌స్ట్రీమ్' అంటారు. ఆ అప్లికేషన్ వెనక డేటాబేస్ ఉంటుంది.

502 గానీ 504 గానీ వచ్చిందంటే వెయిటర్ మీ దగ్గరికి వచ్చినట్టే. గొడవ అంతా వంటింటి వైపు ఉంది. అయినా మెసేజ్ చూపించేది ఎంజిన్‌ఎక్స్ కాబట్టి తిట్లు దానికే పడతాయి. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు! కొత్తగా చేరిన ఇంజనీర్లు ఎంజిన్‌ఎక్స్‌నే పదిసార్లు రీస్టార్ట్ చేసి, ఫలితం లేక తల పట్టుకునేది ఇక్కడే.

ఎంజిన్‌ఎక్స్ మామూలుగా రెండు లాగ్‌లు రాస్తుంది. యాక్సెస్ లాగ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ పేజీ అడిగారు, ఏ కోడ్ వెళ్లింది అన్నవి ఉంటాయి. ఎర్రర్ లాగ్‌లో ఎందుకు కుదరలేదో ఉంటుంది. ఎర్రర్ లాగ్ లైన్‌లో ముఖ్యంగా చూడాల్సినవి రెండు. ఒకటి బ్రాకెట్‌లో ఉండే నంబర్. రెండోది ఆ తర్వాత 'వైల్' అనే మాటతో మొదలయ్యే భాగం. ఆ నంబర్ ఎంజిన్‌ఎక్స్ సొంతంగా పెట్టింది కాదు, లినక్స్ ఇచ్చే ఎర్రర్ నంబర్.

111: తలుపు మూసే ఉంది

'111: కనెక్షన్ రిఫ్యూజ్డ్, వైల్ కనెక్టింగ్ టు అప్‌స్ట్రీమ్' అని ఉంటే వంటింటి తలుపు తట్టగానే 'ఇక్కడ ఎవరూ లేరు' అన్న జవాబు వచ్చిందని అర్థం. స్క్రీన్ మీద 502 కనిపిస్తుంది, అదీ క్షణాల్లో.

కారణాలు తక్కువే. అప్లికేషన్ ఆగిపోయి ఉండాలి. లేదా వేరే పోర్టులో నడుస్తూ ఉండాలి. కొన్నిసార్లు అప్లికేషన్ నడుస్తూనే ఉంటుంది, అయినా 111 వస్తుంది. 'లోకల్‌హోస్ట్' అనే పేరుకు పాత తరహా ఐపీ అడ్రస్ ఒకటి, కొత్త తరహా ఐపీవీ6 అడ్రస్ ఇంకొకటి ఉంటాయి. అప్లికేషన్ ఒకదాని మీద వింటూ, ఎంజిన్‌ఎక్స్ రెండోదాని తలుపు తడితే కుదరదు. డాకర్ కంటైనర్లలోనూ ఇదే తిరకాసు. కంటైనర్ లోపల 127.0.0.1 అంటే ఆ కంటైనరే తప్ప బయటి మెషీన్ కాదు.

ఇందులో ఊరట ఒక్కటే. 111 వచ్చినప్పుడు అభ్యర్థన ఆ అప్లికేషన్‌ను చేరనే లేదు. పని మొదలే కాలేదు కాబట్టి సగంలో ఆగిందేమో అన్న అనుమానం అక్కర్లేదు.

110: ఆర్డర్ వెళ్లింది.. జవాబు లేదు

'110: కనెక్షన్ టైమ్డ్ అవుట్' అంటే ఎదురుచూసి ఎదురుచూసి వెనక్కి రావడం. స్క్రీన్ మీద సాధారణంగా 504 వస్తుంది. సెట్టింగ్ మార్చకపోతే ఎంజిన్‌ఎక్స్ 60 సెకన్లు ఆగుతుంది. పేజీ సరిగ్గా నిమిషం పాటు తిరిగి తిరిగి 504 చూపిస్తే కారణం ఇదే కావచ్చు.

ఇక్కడే 'వైల్' తర్వాతి భాగం కీలకం. 'వైల్ కనెక్టింగ్' అని ఉంటే కనెక్షనే కుదరలేదు. ఫైర్‌వాల్ అడ్డుపడి, కాదని కూడా చెప్పకుండా మౌనంగా ఉండిపోతే ఇలా వస్తుంది. క్లౌడ్‌లో కొత్త సర్వర్ పెట్టి, దాని పోర్టు తెరవడం మర్చిపోయినప్పుడు తరచూ కనిపించేది ఇదే.

'వైల్ రీడింగ్ రెస్పాన్స్ హెడర్' అని ఉంటే కథ పూర్తిగా వేరు. కనెక్షన్ కుదిరింది, ఆర్డర్ లోపలికి వెళ్లింది. జవాబు మాత్రం రాలేదు. దోశ ఇంకా పెనం మీదే ఉండొచ్చు, వేసి పక్కన పెట్టి ఉండొచ్చు, అసలు పిండే అయిపోయి ఉండొచ్చు. ఈ ఒక్క లైన్ చూసి పని జరగలేదని చెప్పడానికి వీల్లేదు.

104: మాట మధ్యలో ఫోన్ పెట్టేసినట్టు

'104: కనెక్షన్ రీసెట్ బై పీర్' అంటే అవతలి వైపు కనెక్షన్‌ను ఉన్నట్టుండి తెంచేసింది. ఇదీ స్క్రీన్ మీద 502గానే కనిపిస్తుంది. అంటే ఒకే 502 వెనక 111 ఉండొచ్చు, 104 ఉండొచ్చు. 111లో పని మొదలే కాలేదు. 104లో సగం అయి ఉండొచ్చు, పూర్తయి కూడా ఉండొచ్చు. బయటి కోడ్ చూసి నిర్ణయానికి రాకూడదనేది అందుకే.

104 కనిపిస్తే అదే సమయానికి అప్లికేషన్ సొంత లాగ్ చూడాలి. ప్రోగ్రామ్ క్రాష్ అయి ఉండొచ్చు. మెషీన్‌లో మెమరీ నిండిపోయి, లినక్స్ కెర్నలే ఆ ప్రోగ్రామ్‌ను చంపేసి ఉండొచ్చు. అలా చంపితే కెర్నల్ లాగ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న మాట ఉంటుంది.

ఇంకొన్ని లైన్లు.. వాటి అర్థాలు

499: ఇది వెబ్ ప్రమాణాల్లో లేని కోడ్, ఎంజిన్‌ఎక్స్ సొంతంగా పెట్టుకున్నది. జవాబు రాకముందే చూసేవాళ్లే వెళ్లిపోయారని అర్థం. యాక్సెస్ లాగ్‌లో వరుసగా 499లు ఉంటే జనం విసిగిపోయి రిఫ్రెష్ నొక్కుతున్నారన్నమాట. కస్టమర్ లేచి వెళ్లినా వంటింట్లో దోశ ఆగకపోవచ్చు. పాత పని నడుస్తుండగానే కొత్త ఆర్డర్ వచ్చి పడుతుంది. అసలే నీరసించిన సర్వర్‌కు ఇది గోరుచుట్టుపై రోకటి పోటు.

24, టూ మెనీ ఓపెన్ ఫైల్స్: లినక్స్‌లో ప్రతి కనెక్షన్ కూడా ఒక ఫైల్ లెక్కే. అనుమతించిన పరిమితి నిండిపోయింది.

11, రిసోర్స్ టెంపరరీలీ అన్‌అవైలబుల్: ఎంజిన్‌ఎక్స్, పీహెచ్‌పీ ఒకే మెషీన్‌లో సాకెట్ ఫైల్ ద్వారా మాట్లాడుకునే చోట ఎక్కువగా కనిపిస్తుంది. పీహెచ్‌పీ ముందున్న క్యూ నిండిపోయిందని సంకేతం.

13, పర్మిషన్ డినైడ్: ఇది రద్దీ సమస్య కాదు, అనుమతుల సమస్య. రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన లినక్స్‌లలో 'ఎస్ఈలినక్స్' అనే భద్రతా వ్యవస్థ, వెబ్ సర్వర్ బయటికి కనెక్షన్ పెట్టకుండా అడ్డుకోవచ్చు. దాన్ని మొత్తంగా ఆపేయడం కాదు, కావాల్సిన అనుమతి ఒక్కటే ఇవ్వడం సరైన దారి.

నో లైవ్ అప్‌స్ట్రీమ్స్: వెనక రెండు మూడు సర్వర్లు ఉన్న చోట, అన్నీ విఫలమయ్యాయని అర్థం. సెట్టింగ్ మార్చకపోతే ఒక్కసారి విఫలమైన సర్వర్‌ను కూడా ఎంజిన్‌ఎక్స్ 10 సెకన్లు పక్కన పెడుతుంది. అందుకే కాసేపటి రద్దీకే అన్నీ పోయినట్టు కనిపించవచ్చు.

ఆఖరి లైన్ కాదు.. మొదటి లైన్

సైట్ ఆగిపోగానే లాగ్‌లో ఆఖరి లైన్లు చూడటం అందరికీ అలవాటు. అక్కడ వేల కొద్దీ ఒకే ఎర్రర్ ఉంటుంది. అవి చాలావరకు పర్యవసానాలు. కారణం దొరికేది తొలి ఎర్రర్ దగ్గర. 504లు మొదలైన నిమిషానికి ముందు ఏం మారింది? కొత్త కోడ్ పెట్టారా? బ్యాకప్ మొదలైందా? డిస్క్ నిండిందా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలి.

టైమ్ చూసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. చాలా క్లౌడ్ సర్వర్లు యూటీసీ టైమ్‌లో నడుస్తాయి. మన టైమ్ దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఉదయం 11 గంటలకు ఫలితాలు విడుదలైతే ఆ లాగ్‌లో 05:30 దగ్గర వెతకాలి. 11:00 దగ్గర వెతికితే సాయంత్రం నాలుగున్నర నాటి ప్రశాంతమైన లాగ్ కనిపిస్తుంది!

వెబ్ సర్వర్, అప్లికేషన్, డేటాబేస్.. ఈ మూడింటి గడియారాలూ కలవాలి. లేకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేలదు. దేశ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో గడియారాలను ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ టైమ్ సర్వర్లతో కలపాలని ఉంది. లాగ్‌లను 180 రోజులు దాచాలనీ అందులోనే ఉంది.

టైమ్ అవుట్ పెంచితే సరిపోతుందా?

504 చూడగానే చాలామంది చేసే పని 60 సెకన్లను 300 చేయడం. దీంతో ఎర్రర్ తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల క్యూ మాత్రం పెరుగుతుంది.

చిన్న లెక్క చూద్దాం. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం మామూలు సెట్టింగ్‌లో ఒకేసారి 5 అభ్యర్థనలే నడుస్తాయి. ఒక్కోటి 2 సెకన్లలో అయితే నిమిషానికి 150 మందికి జవాబు వెళ్తుంది. డేటాబేస్ నెమ్మదించి ఒక్కోటి 10 సెకన్లు తీసుకుంటే నిమిషానికి 30 మందికే. మిగతావాళ్లంతా క్యూలో ఉంటారు. టైమ్ అవుట్ పెంచితే వాళ్లు ఇంకా ఎక్కువసేపు నిలబడతారు, అంతే.

మరి 5ను 500 చేస్తే? మాస్టర్లను పెంచినంత మాత్రాన స్టోర్ రూమ్ తలుపు వెడల్పు కాదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మామూలుగా ఒప్పుకునే కనెక్షన్లు 151. పోస్ట్‌గ్రెస్‌లో అయితే 100. అది దాటితే అప్లికేషన్ లాగ్‌లో 'టూ మెనీ కనెక్షన్స్' లాంటి ఎర్రర్లు మొదలవుతాయి. అందుకే ముందుగా వెతకాల్సింది నెమ్మదిగా నడుస్తున్న డేటాబేస్ క్వెరీని.

రీస్టార్ట్ చేయడం తప్పేమీ కాదు. జనం ఆగిపోయి ఉన్నప్పుడు అదీ చేయాల్సిందే. కానీ అంతకు ముందు ఒక్క నిమిషం కేటాయించి ఎర్రర్ లాగ్‌ను కాపీ చేసుకోవాలి. ఏ ప్రోగ్రామ్ ఏ పోర్టులో వింటోంది, మెమరీ ఎంత ఉంది, డిస్క్ ఎంత ఖాళీ ఉంది అన్నవి నమోదు చేసుకోవాలి. రీస్టార్ట్ చేస్తే అప్పటి పరిస్థితి చెరిగిపోతుంది, మర్నాడు అదే సమస్య మళ్లీ వస్తే చేతిలో ఆధారం ఉండదు.

డబ్బు కట్టేటప్పుడు 504 వస్తే?

ఎంజిన్‌ఎక్స్ కూడా ఈ విషయంలో జాగ్రత్త పడుతుంది. ఒక సర్వర్ విఫలమైతే అభ్యర్థనను ఇంకో సర్వర్‌కు పంపడం దాని అలవాటు. కానీ ఫారం సబ్మిట్, చెల్లింపు లాంటి 'పోస్ట్' అభ్యర్థన ఒకసారి వెనక సర్వర్‌కు వెళ్లాక, దాన్ని తనంతట తాను ఇంకొకరికి పంపదు. 2016లో వచ్చిన 1.9.13 వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. పని రెండుసార్లు జరిగే ప్రమాదం ఉంటుందనే ఈ జాగ్రత్త.

మీరూ అదే పాటించాలి. ఫలితాల పేజీ లాంటివి కేవలం చూసేవి కాబట్టి కాసేపాగి మళ్లీ తెరిచినా ఇబ్బంది లేదు. ఫీజు కట్టే పేజీలో 502 లేదా 504 వస్తే మాత్రం వెంటనే మళ్లీ 'పే' నొక్కొద్దు. మీ దగ్గర లాగ్ ఉండదు కాబట్టి పని జరిగి ఉండొచ్చనే అనుకోవాలి. ముందు బ్యాంక్ మెసేజ్, యూపీఐ యాప్‌లో హిస్టరీ చూడండి. తర్వాత సైట్‌లో లాగిన్ అయి అప్లికేషన్ స్టేటస్ చూడండి. లావాదేవీ నంబర్ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

ఖాతాలో డబ్బు తగ్గి, అవతలి సైట్‌కు ధ్రువీకరణ అందకపోతే? యూపీఐ, కార్డు చెల్లింపుల్లో లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ మొత్తం దానంతట అదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో నిబంధన పెట్టింది. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి.

సైట్ నడిపేవాళ్ల బాధ్యత ఇంకా పెద్దది. ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేక ఆర్డర్ నంబర్ ఇవ్వాలి. అదే నంబర్‌తో రెండోసారి అభ్యర్థన వస్తే డబ్బు మళ్లీ తీసుకోకుండా పాత ఫలితాన్నే చూపించాలి. లాగ్‌లో 110, 104 కనిపించిన ఆర్డర్లన్నింటినీ అదే రోజు పేమెంట్ గేట్‌వే లెక్కలతో సరిచూడాలి. ఆఖరి తేదీ రోజు ఇలా సరిచూడకపోతే ఫీజు కట్టిన విద్యార్థి పేరు కూడా కట్టనివాళ్ల జాబితాలోనే ఉండిపోతుంది.