పన్ను తీయించుకుంటే కీళ్లు తిరగబెడతాయా?



మన సంఘం నుంచి ప్రతి నెలా కీళ్లవాతం మందులకు సాయం అందుకునే ఖాలా ఒకరు ఈ ఏడాది దవడ వాచిపోయి కనిపించారు. పన్ను పుచ్చి చీము పట్టింది. "తీయించుకోలేదేం ఖాలా?" అని అడిగితే, "క్రితంసారి పన్ను పీకించుకున్నాక నెల రోజులు వేళ్లు ముడుచుకోలేదు బేటా. వజూకి చెంబు కూడా ఎత్తలేకపోయాను. మళ్లీ ఆ బాధ నా వల్ల కాదు" అన్నారు.

కాసేపు మాట్లాడాక అసలు సంగతి తెలిసింది. అప్పట్లో పన్ను తీయడానికి వారం ముందే, ఎవరో చెప్పారని, కీళ్ల మాత్రలన్నీ తనంతట తానే మానేశారు. పన్ను తీశాక కూడా చాలా రోజులు మళ్లీ మొదలుపెట్టలేదు. డాక్టరుకు చెప్పలేదు. మరి కీళ్లు తిరగబెట్టింది పన్ను తీసినందుకా, మందులు ఆపినందుకా?

మన ఇళ్లలో కీళ్లవాతం ఉన్న చాలామందికి ఈ భయం ఉంది. అందుకే దీన్ని వివరంగా చెప్పుకోవాలి.

ఏమిటీ జబ్బు?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వేరు, వయసు మీద పడ్డాక వచ్చే మోకాళ్ల అరుగుదల వేరు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరబడి, కీళ్ల లోపలి పొరను శత్రువనుకుని దాడి చేయడం కీళ్లవాతం. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు చేతుల వేళ్లూ, మణికట్లూ వాస్తాయి. ఉదయం లేవగానే గంటకు పైగా బిగుసుకుపోయి ఉంటాయి. ఫజర్ నమాజుకు లేచినవారికి ఆ బాధ బాగా తెలుస్తుంది. మందులతో అదుపులో ఉన్నా, మధ్యమధ్యలో ఒక్కసారిగా తిరగబెడుతుంది.

నోటికీ కీళ్లకూ సంబంధం

ఈ అనుమానం కొత్తది కాదు. 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, నోట్లో దాగిన చీమే అనేక రోగాలకు మూలమన్నాడు. ఆ తర్వాత అమెరికాలో, ఇంగ్లండులో కీళ్లనొప్పులున్నవారికి పళ్లన్నీ పీకేయడం ఒక వైద్యంగా చలామణీ అయింది. ఆ పద్ధతిని మొదట్లో సమర్థించిన అమెరికా వైద్యుడు రస్సెల్ సెసిల్, 1938లో తన సహచరుడితో కలిసి 200 మంది కీళ్లవాత రోగుల వివరాలు పరిశీలించి, పళ్లు తీసినందువల్ల మేలు జరగడం లేదని చెప్పాడు. క్రమంగా ఆ పద్ధతి మూలపడింది.

అయితే సంబంధం పూర్తిగా అబద్ధం కాదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. చిగుళ్ల జబ్బు కలిగించే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియా మన ప్రొటీన్ల రూపాన్ని కొద్దిగా మార్చగలదు. అలా మారిన ప్రొటీన్లను పరాయివిగా భావించి శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. కీళ్లవాతం నిర్ధారణకు డాక్టర్లు రాసే 'యాంటీ సీసీపీ' రక్తపరీక్షలో చూసేది ఇలాంటి యాంటీబాడీలనే. 2023లో అమెరికా శాస్త్రవేత్తలు కొందరు రోగుల రక్తాన్ని వారం వారం సేకరించి చూస్తే, చిగుళ్ల జబ్బు ఉన్నవారి రక్తంలో నోటి బాక్టీరియా పదేపదే కనిపించింది.

దీన్నిబట్టి అర్థం చేసుకోవలసింది ఏమిటంటే, చిగుళ్లు పాడై ఉంటే పన్ను తీసిన రోజే కాదు, అన్నం నమిలినప్పుడూ బ్రష్ చేసినప్పుడూ కూడా నోటి బాక్టీరియా రక్తంలోకి వెళుతుంది. పన్ను తీయించుకోవడం ఒక్కరోజు పని. పుచ్చిన పన్నును, చీము పట్టిన చిగురును అలాగే ఉంచుకోవడం రోజూ జరిగే నష్టం. చిగుళ్లు శుభ్రం చేయించుకున్నంత మాత్రాన కీళ్లవాతం నయమైపోదు. కానీ ఒంట్లో వాపును రగిలించే కారణం ఒకటి తగ్గుతుంది.

పొరపాట్లు ఎక్కడ జరుగుతున్నాయి?

మొదటిది, మందులు సొంతంగా ఆపడం. మామూలుగా ఒక పన్ను తీయడానికి మెథోట్రెక్సేట్ ఆపాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. చీము, జ్వరం ఉంటే కొద్దిరోజులు వాయిదా వేయమనవచ్చు. అడాలిముమాబ్ వంటి ఇంజక్షన్లు వాడేవారికి ఏ రోజు పన్ను తీయాలో లెక్క చూసుకోవాలి. ఈ నిర్ణయాలు కీళ్ల డాక్టరువి. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలను చాలాకాలంగా వాడుతూ హఠాత్తుగా మానేస్తే ప్రాణానికే ముప్పు.

రెండోది, మందులు దాచడం. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కీళ్ల మందుల చీటీ తప్పనిసరిగా చూపించాలి. అప్పటికే నొప్పి మాత్ర వాడుతుంటే మరో నొప్పి మాత్ర కలిసి కడుపులో పుండు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. మెథోట్రెక్సేట్ వాడేవారికి సెప్ట్రాన్ రకం మాత్రలు కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఎముకల బలానికి అలెండ్రోనేట్ మాత్రలో, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజక్షనో తీసుకున్నవారికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం కొంత ఉంది. డాక్టరుకు ముందే తెలిస్తే జాగ్రత్త పడతారు.

మూడోది, నోటి పుళ్లను తేలిగ్గా తీసుకోవడం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుళ్లు లేస్తాయి. అది విషమైందనడానికి గుర్తు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో చేయదగినవి

వేళ్లు బిగుసుకున్నవారు బ్రష్ గట్టిగా పట్టుకోలేరు. పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. మిస్వాక్ మన సున్నత్. సన్నని పుల్లను పట్టుకోలేనివారు దానికీ ఇలాగే గుడ్డ చుట్టుకోవచ్చు. కొందరికి ఈ జబ్బుతో నోరు ఎండిపోయి పళ్లు త్వరగా పుచ్చుతాయి. వారు తరచూ నీళ్లతో నోరు తడుపుకోవాలి, చక్కెర ఎక్కువ వేసిన టీలు తగ్గించాలి. మెడ కీళ్లు దెబ్బతిన్నవారు పళ్ల డాక్టరు కుర్చీలో తల బాగా వెనక్కి వాల్చకూడదు. ఆ మాట ముందే చెప్పి, మెడ కింద చిన్న దిండు పెట్టమని అడగాలి.

దాతలకు ఒక మాట

మీ జకాత్, సదఖాలతో కీళ్లవాతం మందులు అందుతున్నాయి. అల్లాహ్ స్వీకరించుగాక. ఆ సాయానికి మరొకటి జోడించమని మా మనవి. మందుల సాయం పొందే ప్రతి ఒక్కరికీ ఏడాదికి రెండుసార్లు పళ్ల పరీక్ష, అవసరమైతే చిగుళ్లు శుభ్రం చేయించే ఖర్చు. అత్తిలి నుంచి రైలెక్కితే భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. ఏలూరు వైపువారికి దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీ ఆసుపత్రుల్లో ఖర్చు సాధారణంగా తక్కువే. మనవాళ్లకు అడ్డం పడేవి దారిఖర్చు, తోడు వెళ్లే మనిషి, అన్నిటికంటే ముందు భయం. మొదటి రెండింటికీ మీ సాయం చాలు. మూడోది పోవాలంటే ఈ విషయం నలుగురికీ చెప్పాలి.

ఖాలా సంగతి చెప్పాలి కదా. కీళ్ల డాక్టరూ పళ్ల డాక్టరూ ఫోనులో మాట్లాడుకున్నారు. యాంటీబయాటిక్ ఇచ్చి, మెథోట్రెక్సేట్ ఒక్క వారం మాత్రం వాయిదా వేసి, మిగిలిన మాత్రలు ఆపకుండా పన్ను తీశారు. రెండు రోజులు వేళ్లు కాస్త బరువెక్కాయి, అంతే. మూడోనాటికి వజూకి చెంబు తానే ఎత్తుకున్నారు, అల్‌హమ్దులిల్లాహ్.