సముద్రతీరపు ఇండ్లలో సూర్యరశ్మితో వేడినీళ్ళు

భీమునిపట్టణము మొదలు కృష్ణపట్టణము వఱకు గల మన తీరగ్రామములలో నీళ్ళు కాచుట యనగా పెరటిలో మూడు రాళ్ళు, రాళ్ళమీద రాగి కాగు, దానిక్రింద సరుగుడు పుల్లలును, కొబ్బరి డొక్కలును, తాటిమట్టలును. ఆ పొగకు కండ్లు నులుముకొనని ఇల్లాలు లేదు. తరువాత విద్యుచ్ఛక్తి వచ్చెను. పొగ పోయి ఆ స్థానమున నెలనెలకు బిల్లు వచ్చెను. ఇప్పుడు మేడలమీద నల్లని పలకలును, గాజుగొట్టములును, వాటి నెత్తిన పీపావంటి తొట్టియు తఱచుగా కనబడుచున్నవి. వీనిని గూర్చి అంగళ్ళలో ఉచితముగా పంచిపెట్టు కాగితములు చాల గలవు. అవి బెంగుళూరు వంటి మెట్టప్రాంతపు మేడలకు సరిపోవునుగాని మనకు చాలవు. ఏలయనగా అచ్చట లేని ముగ్గురు శత్రువులు ఇచ్చట ఉన్నారు: ఉప్పుగాలి, ఉప్పునీరు, తుపాను. మేము ఈ వ్యాసమున ముఖ్యముగా ఆ మూటిని గూర్చియే ముచ్చటింప దలచితిమి.

ముందుగా ఒక్కమాట. మన తీరమున వేడినీళ్ళు అంత అవసరమా యని కొందఱు అడుగుదురు. వైశాఖమాసమున మేడమీది తొట్టినీరే చేయి పెట్టనీయదు గదా! ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆరోగ్యవంతుడైన యువకునికి సంవత్సరమున మూడునెలలకు మించి వేడినీటితో పనిలేదు. కాని ఇంటిలో బాలింతరాలో, పసిబిడ్డయో, కీళ్ళనొప్పులు గల వృద్ధులో ఉన్నచో సంగతి వేఱు. విద్యార్థి వసతిగృహములు, ఆసుపత్రులు, పెద్ద వంటశాలలు గలచోట్ల ఏడాది పొడుగునను అవసరమే. ఇద్దఱే యుండి చన్నీళ్ళకు అలవాటుపడిన ఇంటివారు ఈ సొమ్మును మఱియొక మంచిపనికి వినియోగించుకొనుట మేలని మా యభిప్రాయము.

ఇక శాస్త్రవిషయము. ఒక లీటరు నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకాలరీ కావలయునని మన విద్యార్థు లెఱుగుదురు. 27 డిగ్రీల నీరు 100 లీటర్లను 60 డిగ్రీలకు తెచ్చుటకు 3300 కిలోకాలరీలు, అనగా సుమారు 3.8 యూనిట్ల విద్యుచ్ఛక్తి పట్టును. మన ప్రాంతమున ఒక చదరపు మీటరు నేలపై దినమునకు సగటున సుమారు 5 యూనిట్లకు సమానమైన సూర్యశక్తి పడుచున్నది. రెండు చదరపు మీటర్ల పలకమీద పడిన పది యూనిట్లలో సగమునకు లోపు పట్టుకొన్నను మనపని జరుగును. ఆ నూఱు లీటర్లలో చన్నీళ్ళు కలిపి 40 డిగ్రీలకు దింపినయెడల రెండువందల యేబది లీటర్ల గోరువెచ్చని నీరగును. నలుగురు గల కుటుంబమునకు చాలును.

గాజుమూతగల పెట్టెలో ఎండవేడి చిక్కుకొనునని 1767లో స్విట్జర్లాండు దేశపు డి సస్యూర్ అను పండితుడు చూపెను. వెలుగు గాజుగుండ లోనికి పోవును. లోపలి నల్లని రేకు వేడెక్కి తిరిగి వెడలగ్రక్కు ఉష్ణకిరణములను గాజు బయటికి పోనీయదు. అమెరికాలో 1891వ సంవత్సరమున కెంప్ అనునతడు నల్లరంగు పూసిన నీటితొట్లనే అట్టి పెట్టెలో నుంచి అమ్మజొచ్చెను. పగలు కాగిన నీరు తెల్లవాఱుసరికి చల్లారుటయే దానిలోని లోపము. 1909లో కాలిఫోర్నియాలో బెయిలీ అను నాయన పలకను, తొట్టిని వేఱుచేసి, తొట్టిని పలకకన్న ఎత్తున నుంచి, దానికి వేడిపోనీయని కవచము తొడిగెను. పలకలోని నీరు వేడెక్కి తేలికయై తనంతట తానే తొట్టిలోనికి ఎక్కును. తొట్టి అడుగునగల చల్లనినీరు బరువై పలకలోనికి దిగును. యంత్రము లేదు, ఖర్చు లేదు. నేడు మన మేడలమీద నున్నది ఆ బెయిలీ పద్ధతియే. అయితే తొట్టి అడుగు పలక పైయంచుకన్న కనీసము ఒక అడుగు ఎత్తున నుండవలయును. లేనిచో రాత్రివేళ ఈ ప్రవాహము తలక్రిందులై, పగలు సంపాదించిన వేడి పలకద్వారా ఆకాశమునకు పోవును.

నేడు అమ్మకమునకు వచ్చునవి రెండు రకములు. ఒకటి రాగిగొట్టములును రాగిరేకును గల గాజుమూత పలక. రెండవది జంటగోడల గాజుగొట్టములు. గోడలనడుమ గాలి తీసివేసి శూన్యము చేయబడియుండును. గొట్టము తుదిని అద్దమువలె మెఱయు వెండిరంగు పూత కనబడును. అది పాలవలె తెల్లబాఱినచో శూన్యము పోయినదని, ఆ గొట్టము ఇక పనికిరాదని గుర్తు. ఈ చిన్న ఆనవాలు తెలిసినవాడు కొనునప్పుడే మోసపోడు.

స్థలము ఎన్నుకొనుటలో దక్షిణముఖము, నీడలేమి ప్రధానములు. మచిలీపట్టణమువద్ద డిసెంబరు నెల చివర మధ్యాహ్నపు సూర్యుడు క్షితిజమునుండి 50 డిగ్రీల ఎత్తుననే యుండును. కావున పలకను సుమారు 30 డిగ్రీల వాలున నుంచినచో చలికాలమున ఎక్కువ వేడి దొరకును; ఎండకాలమున కొంత తగ్గినను నష్టములేదు. మేడకన్న పది మీటర్లు ఎత్తుగా దక్షిణమున నున్న కొబ్బరిచెట్టు ఆ దినములలో మిట్టమధ్యాహ్నమునందే ఎనిమిది మీటర్ల దూరము నీడ పఱచును. ఉదయమున ఇంకను పొడుగు. నీడ మాట అటుంచి, కాయయో, ఎండుమట్టయో పడినచో గాజు మిగులునా? చెట్టుక్రింద పలక పెట్టుట మాత్రము ఎన్నడును కూడదు.

చన్నీటి తొట్టి అడుగు వేడినీటి తొట్టి తలకన్న ఎత్తున నుండవలయును. పాత ఇండ్లలో ఇది సాధారణముగా కుదరదు. తాపీమేస్త్రిచే దిమ్మ కట్టించుకొనక తప్పదు. వేడినీటి తొట్టి తలమీదనుండి ఒక గాలిగొట్టము చన్నీటి మట్టమునకు పైగా లేచి, తెఱచియే యుండవలయును. కొందఱు ప్లంబర్లు నీళ్ళు చిందుచున్నవని దానికి బిరడా బిగింతురు. ఇంతకన్న అవివేకము లేదు. ఆవిరికి త్రోవ లేకపోవును. లేదా నీరు ఖాళీయగునపుడు లోపలికి గాలి రాక తొట్టి నొక్కుకొనిపోవును. ఇంటిలోనికి పోవు వేడినీటికి మామూలు పి.వి.సి. గొట్టములు పనికిరావు, 60 డిగ్రీలు దాటిన అవి మెత్తబడును. సి.పి.వి.సి. గొట్టములు వాడి, వాటికి కవచము తొడుగవలయును. అర అంగుళపు గొట్టము ఇరువది మీటర్లలో సుమారు మూడున్నర లీటర్ల నీరు నిలుచును; ప్రతి ఉదయము అంత చన్నీరు పాఱబోసిన పిమ్మటగాని వేడినీరు రాదు. కావున తొట్టి స్నానపుగదికి దగ్గఱగా నుండుట మేలు.

ఇప్పుడు ఉప్పుగాలి. అలలనుండి లేచిన తుంపురులు గాలిలో కలిసి ఇనుముమీద కూర్చుండును. ఉప్పు గాలిలోని తేమను పీల్చును గనుక వానలేని దినమునను ఇనుము తడిగానే యుండును. ఇక తుప్పునకు కావలసినదేమి? రంగు పూసిన ఇనుప చట్రము సముద్రపుటొడ్డున కొలది ఏండ్లలోనే పొరలుగా రాలును. దళసరిగా జింకు పోతపోసినది కొంత మేలు. అల్యూమినియము చట్రమునకు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేసి, రెంటినడుమ ప్లాస్టికు వాషర్లు ఉంచుట ఇంకను మేలు. రెండు వేఱు లోహములు ఉప్పునీటిలో తగిలినచో అది విద్యుద్ఘటమే. బలహీనమైన లోహము కరగిపోవును. రాగిగొట్టమును జింకుపూత గొట్టమునకు నేరుగా తగిలించినను ఇదే గతి.

తొట్టి విషయమున అంగటివాడు సూదంటుఱాయి తెచ్చి, అంటలేదు గనుక మేలిరకమని చూపును. ఇది పరీక్షయే కాదు. 304 అను రకమును, 316 అను రకమును రెండును అయస్కాంతమునకు అంటవు. భేద మేమనగా 316లో నూటికి రెండు మూడు పాళ్ళు మాలిబ్డినము కలిసియుండును. అదియే ఉప్పువలన పడు సూదిబెజ్జములను అడ్డగించును. తీరవాసులు 316 రకమునే అడిగి, ఆ సంఖ్యను బిల్లుమీద వ్రాయించుకొనవలయును. నోటిమాట నమ్మరాదు.

తొట్టిలోపల ఒక మెగ్నీషియము కడ్డీ యుండును. చాలమంది కొనిన పది సంవత్సరములకైనను దానిపే రెఱుగరు. మెగ్నీషియము ఇనుముకన్న చురుకైన లోహము గావున తుప్పు ముందుగా దానినే తినును, తొట్టి నిలుచును. సగముకన్న తఱిగినపుడు మార్చవలయును. ఉప్పుబోరు నీరు వాడువారు ఏడాదికొకసారి దానిని విప్పి చూడవలయును. ఆ కడ్డీ వెల స్వల్పము, తొట్టి వెల అధికము.

నీటి సంగతి ఇంతకన్న చిక్కైనది. కాలువనీరు, పురపాలకసంఘపు నీరు సాధారణముగా మంచివే. సముద్రపు దాపున బోరు త్రవ్వినచో క్లోరైడులును, సున్నమును కలిసిన కఠినజలము వచ్చును. కాల్షియము బైకార్బొనేటు వేడిచేత కార్బొనేటుగా మాఱి, గట్టి సున్నపుపొరయై గొట్టముల లోపల పట్టును. ఇది మన బడిపుస్తకములోని పాఠమే. పొర దళసరియైనకొలది వేడి నీటికి చేరదు. కడకు రాగిగొట్టము పూడిపోవును. అట్టి నీరున్నచోట పలకకన్న శూన్యపు గాజుగొట్టములే మేలని మా తాత్పర్యము. వాటిని విప్పి కడుగవచ్చును. పలకనే కోరువారు, మంచినీరు మూసిన చుట్టులో తిరుగుచు వాడుకనీటికి వేడి నందించు ఏర్పాటు గలదానిని కొనవలయును. పొర తీయుటకు నిమ్మ ఉప్పు నీటిలో కలిపి కొన్నిగంటలు నిలిపి, తరువాత మంచినీటితో బాగుగా కడుగవలయును. కొందఱు పనివారు హైడ్రోక్లోరికామ్లము తెత్తురు. అది పొరతోపాటు తొట్టినిగూడ తినును. గుమ్మములోనుండియే త్రిప్పి పంపవలయును.

గాజుమీది ఉప్పు, దుమ్ము వారమునకొకసారి తెల్లవాఱుజామున మెత్తని గుడ్డతో కడిగిన చాలును. మిట్టమధ్యాహ్నమున కాలుచున్న గాజుపై చన్నీరు చల్లినచో అది పగులును. పలకలోపల ఉదయమున సన్నని మంచు పట్టి పొద్దెక్కుసరికి పోయిన చింతలేదు. మధ్యాహ్నమునను నీటిబొట్లు నిలిచియున్నచో అంచులందలి రబ్బరు చెడినదని తెలిసికొని వెంటనే మార్పించవలయును. వేసవి సెలవులకు ఊరు వెళ్ళువారు గోనెపట్టాతో కప్పి వెళ్ళవలెను.

పసిపిల్లలున్న ఇండ్లవారు ఇది మఱువరాదు. 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మమును సైతము సుమారు అయిదు సెకండ్లలో కాల్చును. బిడ్డ చర్మమునకు అంతకాలమును అక్కఱలేదు. వేసవిలో తొట్టినీరు 80 డిగ్రీలకు మించుటయు కలదు. చన్నీరు తానై కలిపి వేడిని అదుపులోనుంచు వాల్వు స్నానపుగదికి ముందు అమర్చుట ఉత్తమము. అది లేనిచో, బకెట్టులో మొదట చన్నీరు, తరువాతనే వేడినీరు.

ఇక తుపాను. భవననిర్మాణమునకై మన దేశమున ఏర్పఱచిన ప్రమాణములలో విశాఖపట్టణమునకు గాలివేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇంచుమించు అంతవేగముతోనే ఆ పట్టణమును తాకెను. అట్టి గాలి ఒక చదరపు మీటరుపై దాదాపు నూటయేబది కిలోల బరువుతో నెట్టును. రెండు మీటర్ల పలకమీద మూడువందల కిలోలు! వాలుగా నుండుటచే కొంత తగ్గినను, క్రిందనుండి దూఱిన గాలి పలకను ఱెక్కవలె పైకెత్తును. నీటితో నిండిన సరంజామా అంతయు సుమారు రెండువందల కిలోలే. ఊరక మేడమీద నిలబెట్టిన చట్రము ఇసుకపై ఇల్లు కట్టిన బుద్ధిహీనుని ఉపమానమును జ్ఞప్తికి దెచ్చును. పోవునది మన సొమ్మే కాదు, పొరుగువాని ప్రాణమును కావచ్చును.

క్రొత్తగా ఇల్లు కట్టువారు శ్లాబు పోయునపుడే దానిలోని ఊచలతో కలిపి దిమ్మెలు పోయించుకొనవలయును. పాత శ్లాబును ఎడాపెడా తొలిచినచో ఆ రంధ్రములగుండ ఉప్పునీరు దిగి లోని ఊచలు తుప్పుపట్టి ఉబ్బి, కప్పు పెచ్చులూడును. కావున గోడలకు, దూలములకు సరిగా పైని బరువైన కాంక్రీటు దిమ్మెలు పోసి, చట్రమును వాటికి బిగించి, స్టెయిన్‌లెస్ స్టీలు తీగత్రాళ్ళతో నాలుగుమూలలను స్తంభములకు కట్టవలయును. తుపాను హెచ్చరిక వచ్చినపుడు తొట్టిని ఖాళీచేయరాదు, నింపవలయును. ఆ నీటిబరువే లంగరు. చుట్టునున్న పూలకుండీలు, రేకులు, విడికఱ్ఱలు ముందే దింపవలయును, ఏలయనగా గాజును పగులగొట్టునవి సాధారణముగా అవియే. గాజుగొట్టము ఒక్కటి పగిలినను తొట్టినీరంతయు కాఱిపోవును గనుక రెండుమూడు అదనపు గొట్టములు ఇంట నుంచుకొనుట మంచిది. గాలివాన వెలిసిన తరువాత చట్రమును, గాజును మంచినీటితో కడిగి, ప్రతి బోల్టును తడవి చూచి, పగిలిన గొట్టములను మార్చి, మార్చినవాటిలోనికి ఎండలో నీరు వదలక సూర్యాస్తమయమైన పిమ్మట అవి చల్లబడినంతట నింపవలయును.