స్లాట్ పొడుగే, దారులు నాలుగే

మద్నూర్‌లో ఇవాళ ఏ మీసేవ కేంద్రంలోనైనా కంప్యూటర్ తెరమీద తెలుగు కనబడితే ఎవరికీ వింత కాదు. 1990 ప్రాంతంలో డాస్ మీద నడిచే కంప్యూటర్లో తెలుగు కావాలంటే డబ్బా విప్పి ఒక కార్డు గుచ్చాల్సి వచ్చేది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, పుణెలోని సీ-డాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డు అది. మన లిపులను తెరకెక్కించే పని అదే చూసుకునేది. విండోస్ ఎక్స్‌పీతో తెలుగు సాఫ్ట్‌వేర్‌లోకే వచ్చేసింది, కార్డు అవసరం తీరిపోయింది.

ప్రాసెసర్‌కూ ఇలాంటి అదనపు కార్డులకూ మధ్య డేటా నడిచే దారి పేరు బస్. కార్డు గుచ్చే చోటు స్లాట్. 1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చిన బస్సే తర్వాత ఐఎస్‌ఏగా పేరుపడింది. 1987లో ఐబీఎం అంతకన్నా మెరుగైన మైక్రో చానెల్ తెచ్చింది. కానీ దానికి రాయల్టీ కట్టాలి, పాత కార్డులేమో పట్టవు. కాంపాక్‌తో కలిసి తొమ్మిది కంపెనీలు ఎదురు తిరిగి, పాత కార్డులు కూడా పట్టే ఈఐఎస్‌ఏను ప్రకటించాయి. అది ఖరీదై ఎక్కువగా సర్వర్లకే పరిమితమైంది. 1992లో వచ్చిన వీసా లోకల్ బస్ 486 ప్రాసెసర్‌ను అంటిపెట్టుకుని, దానితోపాటే కనుమరుగైంది. అదే ఏడాది ఇంటెల్ తెచ్చిన పీసీఐ నిలబడింది. ఆ రోజుల్లో బస్ ఎంచుకోవడమంటే దాదాపు జూదమే.

ఇప్పుడా గొడవ లేదు. కొత్త బోర్డుల్లో ఉండేది దాదాపుగా 2003లో వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఒక్కటే. పాత తరం కార్డు కొత్త స్లాట్లోనూ, కొత్తది పాత స్లాట్లోనూ పనిచేస్తాయి.

మరి సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో బేరమాడేవాళ్లు చూడాల్సిందేమిటి? లేన్ల లెక్క, అంటే స్లాట్‌లో డేటా నడిచే దారులెన్ని అన్నది. మూడో తరంలో ఒక్కో లేన్ సెకనుకు దాదాపు 1 జీబీ మోస్తుంది; నాలుగో తరంలో 2, ఐదో తరంలో 4. చాలా మదర్‌బోర్డుల్లో రెండో పొడుగాటి స్లాట్‌కు లోపల ఉండేవి నాలుగు లేన్లే. పదహారు గేట్ల టోల్‌ప్లాజా దాటాక నాలుగు వరుసల రోడ్డు వచ్చినట్టు! 2022లో ఏఎండీ అమ్మిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డు అయితే తనే నాలుగు లేన్లతో వచ్చింది. నాలుగో తరం బోర్డులో ఫర్వాలేదు. మూడో తరం బోర్డులో పెడితే దారి సగమై, 4 జీబీ మెమరీ చాలని ఆటల్లో వేగం బాగా పడిపోయింది. తక్కువ ధర కార్డు కొనేది పాత బోర్డున్నవాళ్లే కదా, దెబ్బ వాళ్లకే తగిలింది.

ఎస్‌ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాట్‌దీ ఇదే కథ. చూపుకు ఒకేలా ఉన్నా, సాటా రకం ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఈ లేన్ల మీదే నడిచే మూడో తరం ఎన్‌వీఎంఈ రకం 3,500 దాకా వెళ్తుంది. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపితే ఒకటి రెండు సాటా పోర్టులు మూగబోతాయి. ఆ సంగతి అట్టపెట్టె మీద కాదు, మాన్యువల్‌లో ఉంటుంది. కొనకముందే కంపెనీ సైట్‌లో దాన్ని చదువుకోవచ్చు.

దరఖాస్తులు, ప్రింట్లకే వాడే కంప్యూటర్‌కు ఐదో తరం బోర్డు దండగ. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోకు నిండా పదహారు లేన్ల స్లాట్, రెండు ఎం.2లు ఉంటే మేలు. పత్తి బండ్లు తూచే వేబ్రిడ్జి యంత్రానికి సీరియల్ పోర్టు కావాలంటే ఒక్క లేన్ చిన్న స్లాట్ చాలు. మినీ ఐటీఎక్స్ బోర్డులో సాధారణంగా ఉండేది ఒక్కటే స్లాట్. అందులో గ్రాఫిక్స్ కార్డు కూర్చుంటే ఆ తూకానికి యూఎస్‌బీ కన్వర్టరే దిక్కు.