వైజాగ్‌లో సైలెంట్, అరకులో గుయ్య్...! పాత ట్యూబ్ ఆంప్ నాయిస్‌ను ఫోన్‌తో పట్టేయండిలా

పాత ట్యూబ్ గిటార్ ఆంప్ వైజాగ్‌లో ఇంట్లో బాగానే పలుకుతుంది. అదే ఆంప్‌ను వీకెండ్ జామ్ కోసం అరకు రిసార్ట్‌కో, లంబసింగి క్యాంప్‌కో తీసుకెళ్లి ఆన్ చేస్తే, గిటార్ కంటే ముందు "గుయ్య్..." అనే మోత వినిపిస్తుంది. అప్పుడు చాలామంది రెండే పనులు చేస్తారు. ట్యూబులన్నీ మార్చేస్తారు, లేదా ఎవరో చెప్పారని ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తారు. మొదటిది డబ్బు దండగ. రెండోది ప్రాణాల మీదకు తెచ్చే పని. నిజానికి నాయిస్ ఎక్కడి నుంచి వస్తోందో ఆ శబ్దమే చెబుతుంది. దాన్ని చదవడానికి మీ జేబులోని ఫోన్ చాలు.

ముందు ఈ మూడు రూల్స్

1. చాసిస్ విప్పొద్దు. ట్యూబ్ ఆంప్ లోపల 300 నుంచి 500 వోల్టుల వరకు డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. ఇక్కడ చెప్పే టెస్టులన్నీ బయటి నుంచి చేసేవే.

2. స్పీకర్ కనెక్ట్ చేయకుండా ఆంప్ వాడొద్దు. ట్యూబ్ ఆంప్‌లో లోడ్ లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. పాత ఆంప్‌లో అన్నిటికంటే కష్టంగా దొరికే పార్ట్ అదే.

3. ఎర్త్ తీసేయొద్దు. తీస్తే హమ్ తగ్గొచ్చు, నిజమే. కానీ లోపల ఎక్కడైనా లీకేజీ ఉంటే ఆ కరెంట్ గిటార్ తీగల దాకా వస్తుంది. ఒక చేయి తీగల మీద ఉండి, పెదవి మైక్‌కు తగిలితే షాక్ మీ శరీరం గుండానే వెళ్తుంది. పాత ఆంప్‌కు రెండు పిన్నుల కార్డ్ ఉంటే మెకానిక్‌తో మూడు పిన్నులది వేయించాకే వాడండి.

స్టెప్ 1: తప్పు ఆంప్‌దా, బయటిదా?

గిటార్ కేబుల్‌ను ఆంప్ ఇన్‌పుట్ నుంచి పూర్తిగా తీసేయండి. చాలా ఆంపుల్లో కేబుల్ తీయగానే ఇన్‌పుట్ షార్ట్ అయ్యేలా జాక్ ఉంటుంది. కాబట్టి మోత ఆగిపోతే ఆంప్ తప్పు లేదు. గిటార్, కేబుల్, పెడల్, పెడల్ అడాప్టర్‌లలో ఒకటి దొంగ. సింగిల్ కాయిల్ పికప్ గిటార్ అయితే పట్టుకుని నిలబడి మెల్లగా తిరగండి. ఒక దిక్కులో హమ్ తగ్గితే, పికప్ గదిలోని వైరింగ్ నుంచో, ఏదైనా ట్రాన్స్‌ఫార్మర్ నుంచో దాన్ని లాక్కుంటోందని అర్థం.

కేబుల్ తీసినా మోత ఉంటే వాల్యూమ్ జీరో చేయండి. అప్పుడు తగ్గితే సమస్య వాల్యూమ్ నాబ్‌కు ముందు, అంటే ప్రీఆంప్ మొదటి ట్యూబ్ దగ్గర. ఏమాత్రం తగ్గకపోతే వాల్యూమ్ తర్వాతి స్టేజీలను, పవర్ ఆంప్‌ను, పవర్ సప్లైని అనుమానించాలి.

స్టెప్ 2: 50 హెర్ట్జా, 100 హెర్ట్జా?

అసలు కిటుకు ఇదే. ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ లాంటి ఫ్రీ స్పెక్ట్రమ్ యాప్ వేసుకోండి. ఇంటర్నెట్ అక్కర్లేదు కాబట్టి ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, స్పీకర్‌కు జానెడు దూరంలో పట్టుకోండి.

మన దేశంలో కరెంట్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. ఆంప్‌లోని రెక్టిఫైయర్ ఆ ఏసీ అలలో రెండు సగాలనూ వాడుకుంటుంది కాబట్టి డీసీలో మిగిలే రిపుల్ 100 హెర్ట్జ్ అవుతుంది. ఈ ఒక్క తేడాతో కేసు సగం తేలిపోతుంది.

50 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తే: ట్యూబ్ హీటర్ వైరింగ్, ఎర్త్ లూప్, లేదా బయటి నుంచి వచ్చే హమ్. ఫోన్ మైక్ 50ను సరిగా పట్టకపోవచ్చు. అప్పుడు 150, 250 దగ్గర కూడా గీతలున్నాయేమో చూడండి. ఉంటే ఇదే గ్రూప్.

100, 200, 300 మాత్రమే కనిపిస్తే: ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. లేదా పుష్‌పుల్ ఆంప్‌లో రెండు పవర్ ట్యూబులు సమానంగా పనిచేయట్లేదు.

స్క్రీన్ నిండా దువ్వెన పళ్లలా గీతలుండి, చెవికి "జుయ్య్" అని గరుకుగా వినిపిస్తే: డిమ్మర్, చవక ఎల్‌ఈడీ లైట్, చార్జర్, ఇన్వర్టర్‌లను చూడండి.

హమ్ కానివి ఇంకో మూడున్నాయి. "చిటపట" అంటే మురికి పట్టిన ట్యూబ్ సాకెట్, నాబ్, లేదా పాడైన రెసిస్టర్. "స్‌స్‌స్" అంటే ఎక్కువసార్లు మొదటి ప్రీఆంప్ ట్యూబ్, దాని రెసిస్టర్లు. చెక్క పెన్సిల్‌తో ట్యూబ్‌ను మెల్లగా తడితే స్పీకర్‌లో "టంగ్" అని గట్టిగా మోగితే ఆ ట్యూబ్ మైక్రోఫోనిక్ అయింది. ట్యూబ్ గాజు కాలుతుంది, చేత్తో ముట్టుకోవద్దు.

స్టెప్ 3: కొండ మీద అదనంగా చూడాల్సినవి

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వానాకాలం తేమ, చలికాలం మంచు రెండూ గట్టిగానే ఉంటాయి. పాత ఆంపుల్లో వాడిన కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు తేమను పీల్చుకుని విలువ మారిపోతాయి, నాయిస్ చేస్తాయి. రాత్రంతా కారు డిక్కీలో చల్లబడిన ఆంప్‌ను వెచ్చని గదిలోకి తేగానే లోపల నీటి చెమ్మ పడుతుంది. కాబట్టి వెంటనే ఆన్ చేయకుండా గంటా రెండు గంటలు అలా వదిలేయండి.

రెండోది ఎర్తింగ్. రాతి నేలలో ఎర్త్ రెసిస్టెన్స్ ఎక్కువగా ఉంటుంది. కాటేజ్ సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక మంచి ఎర్త్ ఉందనుకోవద్దు. అక్కడి ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి. ఆంప్, పెడల్స్, మిక్సర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకుంటే ఎర్త్ లూప్ హమ్ చాలావరకు పోతుంది.

మూడోది ఇన్వర్టర్. కరెంట్ పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదకు వెళ్లగానే "జుయ్య్" మొదలైతే ఆంప్‌ను అనుమానించకండి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అడగండి.

నాలుగోది మీ ఫోనే. కొండల్లో సిగ్నల్ వీక్‌గా ఉంటే ఫోన్ ఎక్కువ పవర్‌తో ట్రాన్స్‌మిట్ చేస్తుంది. అది 2జీకి పడిపోతే ఆంప్‌లో "టిటిక్ టిటిక్" వినిపిస్తుంది. ఫోన్‌ను ఆంప్ మీద పెట్టొద్దు.

అమెరికా నుంచి తెచ్చిన ఆంప్ అయితే

120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఆంప్‌కు స్టెప్‌డౌన్ పెడితే వోల్టేజ్ మారుతుంది కానీ ఫ్రీక్వెన్సీ 50గానే ఉంటుంది. 60కి మాత్రమే డిజైన్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ వేడెక్కి, తానే గుర్రుమంటుంది. స్టాండ్‌బైలో పెట్టినా ఆంప్ బాడీలోంచి మోత వస్తుంటే అది స్పీకర్ నాయిస్ కాదు, ట్రాన్స్‌ఫార్మర్ సౌండ్. మార్చే ముందు దాని మీద 50/60 అని రాసి ఉందేమో చూడండి.

మెకానిక్‌కు ఏం చెప్పాలి?

"ఆంప్ సౌండ్ చేస్తోంది" అంటే ఆయన మొదటి నుంచి వెతకాలి. అలా కాకుండా "కేబుల్ తీసినా, వాల్యూమ్ జీరోలో ఉన్నా 100 హెర్ట్జ్ హమ్ ఉంది" అని స్క్రీన్‌షాట్ చూపిస్తే నేరుగా ఫిల్టర్ కెపాసిటర్ల దగ్గరకు వెళ్తారు. వైజాగ్‌లో గిటార్ ఆంప్ స్పెషలిస్ట్ దొరక్కపోతే పాత రేడియో మెకానిక్‌ను అడగండి. ఆయన దగ్గర "ట్యూబ్" బదులు "వాల్వ్" అనండి, వెంటనే అర్థమవుతుంది. గిటార్ ఆంపుల్లో తరచూ కనిపించే 12ఏఎక్స్7 ట్యూబ్‌కు యూరప్ పేరు ఈసీసీ83. రెండూ ఒకటే. ఏళ్ల తరబడి మూలన పడున్న ఆంప్ అయితే మొదటిసారి సిరీస్ బల్బ్ బోర్డు మీదే ఆన్ చేయమనండి. లోపల షార్ట్ ఉంటే బల్బ్ ఫుల్‌గా వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతికిపోతుంది.

అరకు ట్రిప్‌కు బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. అక్కడికెళ్లాక ఇంకోటి తీసి పోల్చండి. కొత్తగా లేచిన గీత బయటి కరెంట్‌దో, ఎర్త్‌దో, తేమదో కావచ్చు. ముందు సాకెట్, బోర్డు, లైట్లు మార్చి చూడండి, ట్యూబులు కొనే ఆలోచన ఆ తర్వాతే.