చదరంగపు ముగింపుల చిట్టా

బలములన్నియు పడిపోయి, పలకపై మూడు నాలుగు కాయలు మాత్రమే మిగిలిన వేళ అరుగుమీద పుట్టు వివాదము మీరెఱుగనిది కాదు. కడచిన వేసవిలో మా పినతండ్రిగారికిని నాకును అట్టిదే కలిగినది. ఆయనకు రాజును, పలక యంచున నడచు బంటొకటియు మిగిలినవి. నాకు రాజు మాత్రమే. ఆ బంటు చేరవలసిన మూలగడిలోనే నా రాజు నిలిచియున్నాడు. "బంటు మంత్రి యగుట తప్పదు, ఓడితివి" అని ఆయన వాదించిరి. మా మేనల్లుడు తన ఫోనులో ఆ స్థితి నెక్కించి, నిమిషములో "ఆట సరి" యని తీర్పు చదివెను.

ఆ తీర్పు చెప్పిన చిట్టాను వెనుకనుండి వ్రాయుదురు. కంప్యూటరు మొదట ఆటకట్టైన స్థితుల నన్నిటిని ఏరును. వానికి ఒక యెత్తు ముందున్నవేవి, రెండెత్తులు ముందున్నవేవి యని వెనుకకు నడచుచు, ఎవరికి గెలుపో, ఎన్ని యెత్తులలోనో గుర్తించును. గెలుపు ముట్టని స్థితులన్నియు సరియాటలు. ఇందు ఊహకు తావులేదు. 2012లో మాస్కో విశ్వవిద్యాలయపు మహాయంత్రముపై, రాజులతో కలిపి ఏడు కాయలుగల ముగింపులు దాదాపు అన్నియు లెక్కింపబడినవి. ఆ స్థితులు నాలుగువందల లక్షల కోట్లకు మించినవి. ఆట 32 కాయలతో మొదలగునని తలచినచో ఇదియు స్వల్పమే.

పండితుల నమ్మకములు కొన్ని దీనిచే తలక్రిందులైనవి. రెండు శకటముల నెదిరించు గుఱ్ఱము ఒకానొక రీతిని నిలిచినచో ఆట సరియని 1851లో క్లింగ్, హార్విట్జ్ అనువారు వ్రాసిరి. నూఱేండ్లకు పైగా అదియే ప్రమాణము. 1983లో కెన్ థాంప్సన్ చేసిన లెక్కలో గెలుపు కలదని తేలెను. కాని దానికి 66 ఎత్తులవఱకు పట్టవచ్చును. కాయ చావక, బంటు కదలక 50 ఎత్తులు గడచినచో సరి కోరవచ్చునను నియమము కలదు గదా! అంతర్జాతీయ సంఘమువారు కొన్ని ముగింపులకు గడువు పెంచి, 1992లో మరల 50కే వచ్చిరి. మనుష్యుల ఓపికనుబట్టి అదియే మేలని నాకు తోచును.

అంతకు ముందే, 1977-78 ప్రాంతమున, అమెరికా విజేతయైన వాల్టర్ బ్రౌన్ ఈ చిట్టాతోనే తలపడెను. ఆయనకు మంత్రి, యంత్రమునకు ఏనుగు. ఇది సులభమైన గెలుపని పుస్తకములు చెప్పుచుండెను. ఆ స్థితిలో 31 ఎత్తులు చాలును. యంత్రమో, పుస్తకములందు లేని రీతిని ఏనుగును రాజునకు దూరముగా నడపి తప్పించుకొనుచుండెను. 50 ఎత్తులు గడచినను బ్రౌన్ గెలువలేకపోయెను. ఆయన దానిని శ్రద్ధగా పరిశీలించి మరల కూర్చుండెను. ఈ పర్యాయము సరిగా 50వ యెత్తున ఏనుగును పట్టెను.

మా పినతండ్రిగారు మాత్రము తీర్పుతో తృప్తిపడలేదు. "సరే, ఎందుచేతనో చెప్పుమనుము" అనిరి. చిట్టా ఎత్తులు చూపునేగాని హేతువు చెప్పదు. దీపములు పెట్టువేళవఱకు మేమే కాయలు జరిపి చూచితిమి. బంటును ఎంత ముందునకు త్రోసినను, నా రాజు మూల విడువడు. తుదకు అతనిపై దాడి లేదు, కదలుటకు గడియు లేదు. అంతర్జాతీయ నియమమున అది సరి. మన పల్లెలలో కొందఱు దానిని వేఱుగా తీర్చుదురు. వారి యాటకు ఈ చిట్టా చెల్లదు.

ఇప్పుడు మా పినతండ్రిగారు మేనల్లునిచేత స్థితిని మాత్రము పలకపై పెట్టించుకొందురు. తాము ఆడి ముగించువఱకు ఫోనును బోర్లించి యుంచవలెనని ఆయన కట్టడి.