తెరమీది బొమ్మ కాగితమున కెక్కుట

తాళపత్ర గ్రంథమును కాగితముపై కెత్తి వ్రాయు లేఖకుడు ఒక్క అక్షరమైనను జాఱిపోకుండ శ్రద్ధ వహించును. తనకు తోచిన మాటలను నడుమ చేర్పడు. పాత వీడియో ఆటలలోని బొమ్మలను అచ్చునకు సిద్ధపఱచు వానికిని ఇట్టి శ్రద్ధయే కావలెను.

1993వ సంవత్సరమున అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ ‘డూమ్’ అను ఆటను వెలువరించెను. అందలి గదుల నేలలు రాతివలెను, ఇనుపరేకువలెను కనబడును. చిన్న బొమ్మ నొకదానిని పలకవలె ప్రక్కప్రక్కన పరచుటచే ఆ రూపము కలిగినది. ఇట్టి బొమ్మను ‘టెక్స్చర్’ అందురు. నేలకు పరచిన ఒక్కొక్క బొమ్మ అడ్డముగా 64, నిలువుగా 64 చుక్కలు గల చతురస్రము. ఈ చుక్కకే ‘పిక్సెల్’ అని పేరు. ఒక బొమ్మలో మొత్తము 4,096 చుక్కలుండును.

ఆనాటి కంప్యూటరులో సమాచారమును దాచు చోటు మిక్కిలి తక్కువ. అందుచే చిత్రకారులు 256 రంగుల పట్టికను ఏర్పఱచుకొనిరి. ప్రతి చుక్కకును రంగునకు బదులు, పట్టికలో ఆ రంగుయొక్క వరుససంఖ్య మాత్రమే ఫైలులో నుండును. పట్టిక లేనిచో ఆ సంఖ్యలు అర్థము లేనివి. కావున బొమ్మను, పట్టికను రెంటిని వెలికితీసి, ఏ సంఖ్యకు ఏ రంగో దానిని చేర్చుట మొదటి పని.

రెండవది బొమ్మను పెద్దది చేయుట. చేతిలో పట్టుకొని చూచు పుస్తకమునకు అంగుళమునకు 300 చుక్కలు ఉండుట మంచిదని అచ్చుపనివారి లెక్క. ఆ లెక్కచొప్పున 64 చుక్కల బొమ్మ అంగుళములో నాలుగవ వంతైనను ఉండదు. దానిని 4 అంగుళముల బొమ్మగా చేయవలెనన్న 1,200 చుక్కలు కావలెను. కాని 1,200ను 64చే భాగించిన 18.75 వచ్చును. అట్లు పెంచినచో కొన్ని చుక్కలు 18 రెట్లు, కొన్ని 19 రెట్లు పెరిగి గళ్లు ఎగుడుదిగుడగును. అందుచే అన్నిటిని సమముగా 19 రెట్లు పెంచి 1,216 చుక్కలు చేయుట మేలు. బొమ్మ నాలుగంగుళములకు రవంత మించును. అయినను గళ్లన్నియు సమానముగా నుండును.

ఇచ్చట ఒక ప్రమాదము కలదు. ఫోటోలను పెంచు పద్ధతిలో కంప్యూటరు రెండు చుక్కల నడుమ లేని రంగులను కల్పించి అంచులను నునుపు చేయును. మనుష్యుల ఫోటోకు అది గుణమే. ఈ బొమ్మకు మాత్రము దోషము. నేతగాని గళ్లకాగితముపై ఒక్కొక్క గడికి ఒక్కొక్క రంగున్నట్లు, ఇందలి ప్రతి చుక్కయు ఎంచి నిలిపినది. కావున ఉన్న చుక్కనే మరల మరల వేసి పెంచవలెను.

మూడవది రంగులను మార్చుట. తెర ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను వెలుగులను కలిపి రంగును చూపును. కాగితమునకు స్వంత వెలుగు లేదు. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలచే దానిపై రంగు ఏర్పడును. తెరపై ధగధగలాడు ఆకుపచ్చ ఈ సిరాలకు పూర్తిగా అందదు. అందుచే ముందుగా ఒక ప్రతిని అచ్చువేసి చూచి సరిదిద్దుకొందురు.

చివరిది ఫైలు రూపము. ‘జేపెగ్’ రూపము చోటు ఆదా చేయుటకై కొంత వివరమును విడిచిపెట్టును. అందుచే పదునైన అంచులచుట్టు మరకలు ఏర్పడును. ‘టిఫ్’ రూపమున ఏ చుక్కయు నశింపకుండ దాచవచ్చును. మూలప్రతిని మాత్రము ఎన్నడును మార్పక వేఱుగ నుంచవలెను.

ఇంకొక ధర్మము కలదు. డూమ్ ఆటను నడపు ప్రోగ్రామును దాని కర్తలు 1997లో వెల్లడించిరి. బొమ్మలపై హక్కును మాత్రము విడువలేదు. పరుల బొమ్మను అచ్చువేసి అమ్మదలచినవాడు ముందుగా వారి అనుమతి పొందవలెను.

బొమ్మ పరిమాణము పెరిగినను, వెలుగు సిరాగా మారినను, చిత్రకారుడు పెట్టిన చుక్క పెట్టినచోటనే ఉండవలెను. అదియే ఈ పనికి గీటురాయి.