బరువు మోసే గుర్రానికి వైద్యం

ప్రపంచంలో 10 కోట్లకు పైగా గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలు నేటికీ బండ్లు లాగుతూ, నీళ్లూ కట్టెలూ చేరవేస్తూ పేద కుటుంబాలను పోషిస్తున్నాయని అంచనా. జట్కాలు దాదాపు కనుమరుగైన తెలుగు పట్టణాల పాఠకులకు ఇది గతకాలపు సంగతిగా తోచవచ్చు గానీ, మెక్సికో, నికరాగువా, హోండురస్ పల్లెల్లో గుర్రం కుంటిన రోజున ఆ ఇంటి ఆదాయం ఆగిపోతుంది. అయినా చాకిరీ చేసే గుర్రం వైద్యుడి కంట పడడం అరుదు. ఈ లోటును పూరించే ఉద్దేశంతో డాక్టర్ జే మెరియమ్ తదితర అమెరికా అశ్వవైద్యులు 2010లో మెక్సికోలో తొలి శిక్షణ శిబిరం నిర్వహించారు. ‘ఈక్విటేరియన్ ఇనిషియేటివ్’ అనే స్వచ్ఛంద సంస్థ ఆ ప్రయత్నం నుంచే రూపుదిద్దుకుంది.

ఇలాంటి సేవకు పూర్వరంగం ఈజిప్టులో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం అక్కడే అమ్మివేసిన గుర్రాలు ఏళ్ల తరబడి కైరోలో బండ్లు లాగి చిక్కి శల్యమయ్యాయి. 1930లో సైనికాధికారి భార్యగా కైరో చేరిన డొరొతీ బ్రూక్ వాటి దుస్థితిని వివరిస్తూ ‘మార్నింగ్ పోస్ట్’ పత్రికకు లేఖ రాయగా, పాఠకులు పంపిన విరాళాలతో సుమారు 5,000 గుర్రాలను కొన్నారు. వాటిలో అత్యధికం కోలుకోలేని స్థితిలో ఉన్నందున వాటికి బాధ లేని మరణం ప్రసాదించక తప్పలేదు. అయితే గుర్రాన్ని అమ్ముకున్న పేదవాడు బతకడానికి మరో గుర్రాన్ని బండికి కడతాడు. 1934లో ఆమె స్థాపించిన ఉచిత ఆసుపత్రి, యజమాని దగ్గరే పనిచేస్తున్న గుర్రానికి చికిత్స అందించే పద్ధతికి పునాది వేసింది, నేటి శిబిరాలు నిలిచింది ఆ వివేకం మీదనే.

శిబిరంలో ఎక్కువ సమయం పట్టేది పంటి పని. గుర్రపు దవడ పళ్లు ఏటా రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున చిగురు నుంచి పైకి వస్తూ, మేత నమిలే కొద్దీ అరుగుతూ ఉంటాయి. పై దవడ కింది దవడ కంటే వెడల్పు కాబట్టి ఆ అరుగుదల సమంగా ఉండదు. పై పళ్ల బయటి అంచులు, కింది పళ్ల లోపలి అంచులు కత్తిలా పదునెక్కి బుగ్గలనూ నాలుకనూ కోస్తాయి. గుర్రం సరిగా నమలలేక చిక్కిపోతుంటే, యజమాని మేత చాలలేదనుకొని లేని డబ్బుతో మరింత మేత కొంటాడు. వైద్యుడు మత్తుమందు ఇచ్చి, పొడవాటి పిడి గల ఆకురాయితో ఆ అంచులను రాచి నునుపు చేస్తే, ఖరీదైన యంత్రమేదీ లేకుండానే ఆ బాధ తీరుతుంది.

జీను పుండ్ల సంగతి ఇంకా లోతైనది. సరిగా అమరని జీను, మూపు మీద, అంటే మెడ వెన్నుతో కలిసే ఎత్తైన ఎముక మీద, నేరుగా ఆని చర్మాన్ని ఒరిపిడితో చీలుస్తుంది. యాంటీబయాటిక్ ఇచ్చి పుండు కడిగినా, మర్నాడు అదే జీను అదే చోట పడితే చికిత్స వృథా అవుతుంది. వెన్నెముకకు బరువు తగలకుండా మధ్యలో ఖాళీ వదిలి, ఇరువైపులా స్థానికంగా దొరికే గుడ్డతోనో గడ్డితోనో మెత్తలు కుట్టడం యజమానికి నేర్పడమే అసలు వైద్యం. జీను కుట్టేవారిని, లాడాలు కొట్టేవారిని వైద్య బృందంలో సమాన సభ్యులుగా చూడని శిబిరం సగం పనే చేసినట్టు.

సదుద్దేశం కూడా హాని చేయగలదు. గుర్రాలన్నిటికీ తడవ తడవకూ ఒకే నట్టల మందు పట్టించి వెళ్లిపోతే, ఆ మందుకు లొంగని నట్టలు మాత్రమే బతికి సంతానాన్ని పెంచుకుంటాయి. పేడను పరీక్షించి, అవసరమైన వాటికే మందు పట్టించడం మేలు. మగ గుర్రాల వృషణాలను తొలగించే శస్త్రచికిత్సను జైలజీన్, కీటమీన్ అనే మందులతో పడుకోబెట్టి ఆరుబయలే చేయవచ్చు గానీ, గుర్రాలకు ధనుర్వాతం సులువుగా సోకుతుంది కాబట్టి టీకా రక్షణ లేకుండా కత్తి పట్టడం ప్రమాదకరం. పైగా ద్రవం బయటికి పోయేందుకు ఆ గాయాన్ని కుట్టకుండా వదులుతారు. వాపు తగ్గాలంటే తర్వాతి రోజుల్లో గుర్రాన్ని నడిపిస్తూ ఉండాలి, ఆ శ్రద్ధ తీసుకోవలసింది యజమాని.

ఇతర గాయాలకు వేసిన కుట్లను సాధారణంగా 10 నుంచి 14 రోజుల తర్వాత విప్పుతారు, అప్పటికి విదేశీ బృందం విమానం ఎక్కేసి ఉంటుంది. అందువల్ల స్థానిక పశువైద్యుల, విద్యార్థుల చేతికే సూదినీ ఆకురాయినీ అప్పగించి, వచ్చినవారు పక్కన నిలబడి నేర్పడం ఉత్తమం. మొదటి గుర్రాన్ని తాకకముందే, కుట్లు విప్పేవారెవరో ఆ ఊరి వారితో కూర్చుని నిర్ణయించుకోవాలి.